ఒక్క రోజు దగ్గర వేసిన కంచె

గిద్దలూరు బజారులో ఉమామహేశ్వర్లు స్టీలు సామాన్ల దుకాణానికి పోయినవాళ్ళు అనురాధను చూసే ఉంటారు. గల్లాకు పక్కగా, గిన్నెల మీద పేర్లు చెక్కే మిషను దగ్గర కూచుని ఉంటుంది. గిన్నె ఒళ్ళో ఉంటుంది. కరెంటు పెన్ను చేతిలో ఉంటుంది. కొన్నవాళ్ళు పేరు చెబుతారు, ఆమె చెక్కుతుంది. అక్షరం వంకర పోదు. చెక్కడం అయ్యాక ఒక్కసారి వేలితో తడిమి ఇస్తుంది.

ఆమె ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివిందని బజారులో చాలామందికి తెలుసు. ఇంకా చదువుతూనే ఉందని కొందరికే తెలుసు. ఏం చదువుతోందో ఇంట్లోవాళ్ళకు కూడా అంతంతమాత్రమే.

పుట్టిల్లు మార్కాపురం. నాయన పలకల కార్ఖానాలో గుమాస్తా. పెళ్ళయి గిద్దలూరు వచ్చాక కొన్నేళ్ళు ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పింది. ఆ కాలేజీ మూతపడింది. అప్పుడు మామగారి దుకాణంలో మిషను దగ్గర కూచుంది. అదే ఏడు, ఎవరినీ అడక్కుండా, దూరంలో ఉన్న విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి.కి పేరు రాయించుకుంది. అడిగి ఉంటే ఎవరూ కాదనేవాళ్ళు కాదు. కానీ అడిగితే ప్రతి ఏడూ అడగాల్సి వస్తుందని ఆమెకు తెలుసు.

ఆమె పని నక్షత్రాల మీద. అయితే ఆమె దగ్గర దూరదర్శిని లేదు. కావాలని కూడా అనుకోలేదు. ఎక్కడో ఒక కొండ మీద ఒక దూరదర్శిని రోజూ రాత్రి ఆకాశాన్ని కొలుస్తుంది. కొలిచిన అంకెలను కొంతకాలానికి అందరికీ వదిలిపెడతారు. ఆమె వాటిని ఇంటర్నెట్టు నుంచి దించుకుంటుంది. పట్టపగలు, బేరాలు లేని వేళ, దుకాణం కంప్యూటరులో బిల్లుల పక్కన అవి తెరిచి ఉంటాయి.

కొన్ని నక్షత్రాల వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. ఎంత కాలానికొకసారి అన్నది తెలిస్తే ఆ నక్షత్రం గురించి చాలా తెలుస్తుంది. దాన్ని ఆవర్తన కాలం అంటారు. తెలుసుకోవడం తేలికేమీ కాదు. పగలు కొలతలుండవు. మబ్బు పట్టిన రాత్రులు ఉండవు. వానాకాలమంతా ఉండవు. చిల్లులు పడ్డ గుడ్డ మీది అల్లిక ఎట్లా ఉండేదో ఊహించి చెప్పడం లాంటి పని. దానికి చాలా పద్ధతులున్నాయి. ఏది మేలో తేల్చడం ఆమె సిద్ధాంత వ్యాసం.

ఆమె పోల్చినవి రెండు. మొదటిది అలల పద్ధతి. నున్నటి అల ఒకటి తీసుకుని కొలతల మీద పరుస్తారు. సాగదీస్తారు, కుదిస్తారు. ఎక్కడ బాగా అతికితే అదే జవాబు. రెండోది మడత పద్ధతి. కొలతలన్నీ ఒక పొడవాటి పట్టీ మీద చుక్కలనుకుంటే, ఆ పట్టీని సమానంగా మడుస్తూ పోతారు. మడత సరైనదైతే చుక్కలు చుక్కల మీద పడి గీత తేలుతుంది. కాకపోతే చల్లిన ఆవాల్లా ఉంటాయి.

పద్ధతులను పరీక్షించాలంటే జవాబు ముందే తెలిసిన సంకేతాలు కావాలి. వెలుగు మారని నక్షత్రం ఒకటి తీసుకుని, దాని కొలతల్లో ఒక దొంగ సంకేతాన్ని కలిపి, దొరుకుతుందో లేదో చూడాలి. కానీ తానే దాచి తానే వెతికితే చేతులు తెలియకుండానే అటు పోతాయి. వేరేవాళ్ళు దాచాలి. ఆమెకు దొరికిన వేరేవాళ్ళు దుకాణానికి వచ్చేవాళ్ళే.

అట్లా మొదలైంది. ఎవరైనా ఒక అంకె తలచుకోవాలి. అన్ని రోజులకొకసారి వెలుగు తగ్గాలని అర్థం. ఆమె అటు తిరిగి కూచుంటే కంప్యూటరులో కొట్టాలి. మరునాడో ఆ మరునాడో వస్తే ఆమె వెతికి చెబుతుంది.

మొదట అత్త లక్ష్మమ్మ కొట్టింది. మరునాడు మధ్యాహ్నం గల్లా దగ్గరకు వచ్చి నిలబడింది.

"చెప్పమ్మాయ్, నా నంబరు ఏందో."

"నూట పదహారు, అత్తయ్యా."

"అబ్బో! నీకెట్ల తెలిసె? నేను మీ మామయ్యకు గూడా చెప్పలేదే!"

అనురాధ భర్త ఫణికృష్ణ బిందెలు పేరుస్తూ నవ్వాడు. "నువ్వు నూట పదహారు తప్ప ఇంకేం చెప్తావులే అమ్మా. దానికి కంప్యూటరు గూడానా?"

"నువ్వు కొట్టిందేందిరా మరి?"

"ఇరవై ఒకటి."

"నువ్వు మాత్రం తక్కువ తిన్నావా!"

బజారులో మాట పాకింది. గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్ళు కొట్టారు, కొననివాళ్ళు కూడా కొట్టారు. పక్క కిరాణా ఆయన యాభై ఒకటి. అయ్యప్ప మాల వేసుకున్న ఆటో ఆయన నలభై ఒకటి. ఇంకొకరు పదకొండు, ఇంకొకరు తొమ్మిది. ఆమె చెబుతూ పోయింది. చెప్పినకొద్దీ జనం వచ్చారు.

"ఇంక పంజరం తెచ్చి చిలకను గూడా పెట్టు ఫణీ," అన్నాడు కిరాణా ఆయన. "గిన్నెలకన్నా అదే బాగా నడుస్తది."

ఆమె ఆ మాటలకు తల ఎత్తలేదు. ఒక్కొక్క సంకేతాన్నీ రెండు పద్ధతులతోనూ వెతికింది. మడత పద్ధతి దాదాపు అన్నీ పట్టింది. అలల పద్ధతి తడబడింది. లక్ష్మమ్మ నూట పదహారును అది ఒక రోజుకు కాస్త తక్కువ అంది. రోజుల సంకేతాలను గంటలకు దించి చెప్పడం దానికి అలవాటైపోయింది. మంచి పేరున్న పద్ధతి, ఇంత పేలవంగా ఉంటుందని ఆమె అనుకోలేదు. లోపల కొంచెం సంతోషించింది. సిద్ధాంత వ్యాసానికి ఒక గెలుపు కావాలి.

ఒక్కచోట మాత్రం మడత అందరి ముందూ ఓడిపోయింది. రాచర్ల నుంచి కృష్ణయ్య వచ్చినప్పుడు.

కృష్ణయ్యకు గొర్రెలున్నాయి, రెండెకరాల మెట్ట, ఒక బోరు ఉన్నాయి. పాల క్యాను కొనడానికి వచ్చి ఆట చూశాడు.

"రోజుల్లోనే చెప్పాల్నా? గంటల్లో చెప్తే ఒప్పుకోరా?"

"చెప్పు కృష్ణయ్యన్నా, నేను మార్చి కొడతా," అని ఫణికృష్ణ చెవి దగ్గర పెట్టాడు. విన్నాడు, కొట్టాడు.

తరువాతి వారం కృష్ణయ్య మళ్ళీ వచ్చినప్పుడు అనురాధ చెప్పింది. "ఐదున్నర రోజులు."

"కాదు తల్లీ. పదకొండు గంటలు. మా బోరు కత అది. మోటరేస్తే కొంచేపు పోస్తది, ఆగిపోతది. మళ్ళీ ఊరాలంటే పదకొండు గంటలు పడతాది."

దుకాణమంతా నవ్వింది. "బోరు కాడ చిలక బోల్తా పడె," అన్నారు ఎవరో. అనురాధ కూడా నవ్వింది. ఆ సంకేతం పక్కన 'టైపు తప్పు' అని కొట్టి, దాన్ని లెక్కలోంచి తీసేసింది.

ఏడాది గడిచింది. వ్యాసం రాసింది. మడత పద్ధతి మేలని సారాంశంలో చెప్పింది. సారాంశం విశ్వవిద్యాలయానికి పంపింది. ఆమె గడువు రెండుసార్లు పొడిగించారు, ఇంక పొడిగించరు. ఆషాఢం ఆఖరున ఆఖరి సెమినారు. ఆ రోజు పరీక్షకులు ఒప్పుకుంటే సాయంత్రంలోగా వ్యాసం ఇవ్వవచ్చు. లేకపోతే పేరు కొట్టేస్తారు. ఇన్నేళ్ళ పని ఎవరూ చదవని కాగితాలవుతుంది.

జ్యేష్ఠం చివర్లో ఆమె గైడు ప్రకాశరావు ఫోను చేశాడు.

"అంతా బాగుందమ్మా. ఒక్క పేరా చేర్చు. పద్ధతి ఎక్కడెక్కడ విఫలమైందో. ఏ వైఫల్యమూ లేదంటే పరీక్షకులు నమ్మరు."

"అట్లాగే సార్."

చిన్న పని. మిషను పక్కకు జరిపి కూచుంది. వైఫల్యాలు ఏరింది. వెలుగు మరీ కొద్దిగా మారే సంకేతాలు రెండో మూడో దొరికాయి. చివర్లో కృష్ణయ్యది కనిపించింది. దాన్ని రాయాలంటే తప్పు ఎట్లా జరిగిందో చెప్పాలి.

"ఏమండీ. రాచర్ల కృష్ణయ్యది కొట్టినప్పుడు గంటలే కొట్టినారా, రోజులకు మార్చినారా?"

ఫణికృష్ణ బిల్లు మధ్యలో ఆగాడు. "మార్చినా. పదకొండును ఇరవై నాలుగుతో భాగించి కొట్టినా."

"సరిగ్గా చూసినారా?"

"ఏంది అనూ, పొద్దున లేస్తే ఇదే పని నాకు. కాలిక్యులేటరు మీద రెండుసార్లు చూసి మరీ కొట్టినా. నువ్వు తప్పని రాసుకున్నావా?"

ప్రెషరు కుక్కరు వచ్చిన అట్టపెట్టె పక్కనే ఉంది. అనురాధ దాని మీద పెన్సిలుతో రాసింది.

బోరు పదకొండు గంటలకొకసారి నిండుతుంది. ఎవరైనా రోజుకొక్కసారి మాత్రమే, అదే వేళకు, వచ్చి చూస్తారనుకుందాం. రోజుకు ఇరవై నాలుగు గంటలు. రెండుసార్లు నిండి, ఇంకా రెండు గంటలు మిగులుతాయి. మరునాడు అదే వేళకు చూస్తే రెండు గంటలు ముందుకు జరిగి ఉంటుంది. ఆ మరునాడు ఇంకో రెండు. ఐదున్నర రోజులకు పదకొండు గంటలూ జరిగి మొదటికి వస్తుంది. రోజుకొక్కసారి చూసేవాడికి అది ఐదున్నర రోజుల బోరే. వాడి దగ్గర ఉన్న కొలతలతో వాడికి ఇంకో విధంగా తెలిసే దారి లేదు.

కొండ మీది దూరదర్శిని కూడా రోజుకొక్కసారే చూస్తుంది. రాత్రిపూట.

పాత ఫలితం తెరిచింది. కృష్ణయ్య సంకేతానికి అలల పద్ధతి ఏమందో ఆనాడు పట్టించుకోలేదు. అన్నిటికీ గంటలనే చెప్పే పద్ధతి, ఇక్కడా గంటలే చెప్పిందిలే అనుకుంది. పదకొండు గంటలు అని ఉంది అక్కడ.

ఆమె లేచి నిలబడింది. మళ్ళీ కూచుంది.

మడత పద్ధతి మెల్లగా నడుస్తుంది. గంటల దాకా వెతకమంటే ఒక్క సంకేతానికే దుకాణం కంప్యూటరు పూటంతా తీసుకుంటుంది. అందుకని మొదట్లోనే దానికి చెప్పింది, ఒక రోజుకు తక్కువైనవి చూడవద్దని. అలల పద్ధతి వేగంగా నడుస్తుంది కనుక దానికి ఏ అడ్డూ పెట్టలేదు. ఒకదాన్ని కంచె లోపల వెతకమంది, ఇంకోదాన్ని మైదానమంతా వెతకమంది. జనం దాచినవన్నీ కంచె లోపలే ఉన్నాయి. పదకొండు, ఇరవై ఒకటి, నలభై ఒకటి, నూట పదహారు. అంకె తలచుకోమంటే అర రోజు అని ఎవరు తలచుకుంటారు? సున్నాతో ముగిసే అంకె నోట పలకడానికే ఇష్టపడని మనుషులు. మార్కాపురంలో పుట్టి, ఈ బజారులో మెట్టి, ఆ సంగతి ఆమెకు తట్టలేదు. కంచె వేసింది. వేసిన సంగతి మరిచిపోయింది. లోపలి వాడు గెలిచాడని రాసింది.

సాయంత్రం ప్రకాశరావుకు ఫోను చేసి అంతా చెప్పింది. ఆయన విన్నాడు. చెడ్డ మనిషి కాదు. ఆలోచించే చెప్పాడు.

"ఒక వాక్యం చేర్చమ్మా. ఒక రోజుకు పైబడిన కాలాలకు మాత్రమే ఈ ఫలితం వర్తిస్తుందని. అబద్ధమేమీ కాదుగా."

"అలల పద్ధతికి కూడా అదే కంచె వేసి చూశాను సార్, ఫోను చేసే ముందు. అది ఎట్లాగూ వేగంగా నడిచేదే కదా."

"ఏమైంది?"

"రెండూ సమానం. తేడా లేదు."

"అంటే గెలుపు పోయింది."

"అవును సార్."

"మరి ఏం మిగిలింది నీ వ్యాసంలో?"

"రెండిటికీ కంచె తీసేసి చూడాలి. మనుషులు చెప్పిన అంకెలు కాకుండా, గంటలూ రోజులూ అన్నీ కలిసేట్టు యంత్రమే అంకెలు వేయాలి. కొన్ని వందలు."

"నీ కంప్యూటరు మీద ఎన్నాళ్ళు పడుతుంది?"

"సంవత్సరం."

"నీకున్నది నెల."

"అవును సార్."

"వెయ్యి మంది ఇట్లాంటి వ్యాసాలు ఇచ్చారమ్మా. ఎవరూ ఇంత లోతుకు పోయి అడగరు."

"నాకు తెలిసిపోయింది కదా సార్," అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మామగారికి సంగతి చెప్పింది. ఉమామహేశ్వర్లు ముసలివాడు. బజారు అసోసియేషనుకు చాలా ఏళ్ళు పెద్దగా ఉన్నాడు. కోడలి చదువును ఆయన ఎన్నడూ మెచ్చుకోలేదు, ఎన్నడూ అడ్డుకోలేదు.

"నాకు నక్షత్రాలు తెలవవు," అన్నాడు. "నీకు కావాల్సింది ఏందో చెప్పు."

"కంప్యూటర్లు మామయ్యా. చాలా కావాలి. ఒక నెల."

"ఓస్. ఆషాఢంలో ముహూర్తాలు యాడుండాయి? బజారంతా కంప్యూటరు డబ్బాలు ఈగలు తోలుకుంటా ఉండాయి. శ్రావణం దాకా ఎవరికి బిల్లులు కొట్టే పని?"

లక్ష్మమ్మ మజ్జిగ పోస్తూ ఆగింది. "అంటే మా నంబర్లు పనికి రాకపోయినాయా? నూట పదహారుకేం తక్కువైంది?"

"ఏం తక్కువ కాలేదు అత్తయ్యా. అందరూ మంచివే చెప్పినారు. అదే కష్టం."

"మంచివి చెప్తే కష్టమంట. ఇదేం చదువమ్మా!"

మరునాడు ఉమామహేశ్వర్లు భుజం మీద తువ్వాలు వేసుకుని బజారు వెంట నడిచాడు. అనురాధ వెనక నడిచింది. కిరాణా, ఎరువుల కొట్టు, బట్టల దుకాణాలు, ఒక మందుల షాపు. ప్రతి చోటా ఆయన ఒకటే మాట చెప్పాడు. "మా కోడలికి మీ కంప్యూటరు కావాల. బేరం లేనప్పుడు దాని పని అది చేసుకుంటది. బిల్లు కొట్టాలంటే పక్కకు జరుగుతది." ఎందుకని కొందరు అడిగారు. "పాత లెక్క తప్పిపోయింది, మళ్ళీ చేస్తాది," అన్నాడాయన. అది అందరికీ అర్థమయ్యే మాట.

అందరికన్నా వేగమైన యంత్రం షారోన్ దగ్గర దొరికింది. షారోన్‌ది ఫొటో స్టూడియో. పెళ్ళి వీడియోలు కలిపి, పాటలు చేర్చి ఇస్తుంది. దానికోసం మంచి యంత్రం కొనుక్కుంది. ఆషాఢంలో ఆమె కూడా ఖాళీయే.

"ఇంత చిన్న పనికి మొగమాటమేంది అక్కా? పెట్టు. రోజూ పూలదండలు, అప్పగింతలు చూసి చూసి దానికి గూడా విసుగొచ్చింటది. చుక్కలు చూడనీ."

"వేడెక్కుతుంది షారోన్. ఆగకుండా నడుస్తుంది."

"ఫ్యాను దాని మొకాన పెడతా. నాకు చెమట పడితే పడనీలే."

మొదటి వారం సగం పోయింది. ఎరువుల కొట్టాయన సెల్లు చార్జింగుకని ప్లగ్గు పీకాడు. పగలు కరెంటు పోయి మూడు దుకాణాల్లో అప్పటిదాకా నడిచినదంతా చెరిగిపోయింది. బట్టల దుకాణంలో ఊడ్చే ఆమె వెలుగుతున్న తెర చూసి, ఎవరో ఆర్పడం మరిచిపోయారని జాగ్రత్తగా ఆర్పేసింది.

అనురాధ ప్రోగ్రామును తిరగరాసింది. నడుస్తూనే మధ్యమధ్య తన ఫలితం దాచుకునేట్టు, ఆగిపోతే ఆగిన చోటి నుంచి మొదలుపెట్టేట్టు. దాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని మళ్ళీ ప్రతి దుకాణానికీ తిరిగింది. ఎండలో రెండు పూటలా తిరిగేది. వచ్చి మిషను దగ్గర కూచునేది. ఆ నెలలో పేర్లు చెక్కించుకున్నవాళ్ళు తక్కువ. వచ్చిన ఒక్కొక్క గిన్నె మీదా అక్షరం తిన్నగానే ఉంది.

ఫణికృష్ణ ఒకరోజు అడిగాడు. "ఈసారి నీ మడత గెలుస్తదా?"

"తెలియదు."

"గెలవకపోతే?"

"గెలవలేదని రాస్తా."

"దానికి ఇస్తారా డిగ్రీ?"

"అదీ తెలియదు."

ఆనాటి నుంచి రెండో పూట తిరుగుడు అతను తిరిగాడు.

ఫలితాలు ఒక్కొక్కటే వచ్చాయి. కంచె తీసేసరికి మడత పద్ధతి కూడా అలల పద్ధతిలాగే తడబడింది. రోజుల సంకేతాన్ని గంటలంది, గంటల సంకేతాన్ని రోజులంది. వెలుగు నున్నగా పెరిగి తగ్గే నక్షత్రాలకు అలలు మేలు. ఉన్నట్టుండి పడిపోయి లేచే వాటికి మడతలు మేలు. సరిగ్గా సగం రోజుకూ ఒక రోజుకూ దగ్గరైన కాలాల దగ్గర రెండూ గుడ్డివే. అక్కడ పద్ధతి మార్చి లాభం లేదు. భూమికి ఇంకో పక్క నుంచి, ఇక్కడ పగలైనప్పుడు అక్కడ రాత్రి అయ్యే చోటి నుంచి, ఎవరైనా కొలిచి ఉండాలి.

ఆమె దాన్ని పట్టికగా వేసింది. పైన కాలాలు, పక్కన పద్ధతులు. ఎక్కడ నమ్మవచ్చో తెల్లగా, ఎక్కడ నమ్మకూడదో నల్లగా. నలుపు చాలానే ఉంది. చూస్తూ కూచుంది. మునుపటి వ్యాసంలో తెలుపే ఉండింది. అప్పుడు కలిగిన సంతోషం ఇప్పుడు లేదు. దాని చోట ఇంకొకటి ఉంది. పేరు పెట్టడానికి ఆమె ప్రయత్నించలేదు. చివరి అధ్యాయం మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది.

సారాంశం మాత్రం పాతదే పరీక్షకుల దగ్గర ఉండిపోయింది. మార్చడానికి ఆఫీసు ఒప్పుకోలేదు. సెమినారులో చెప్పుకోమన్నారు.

సెమినారు రోజు తెల్లవారుజామునే రైలెక్కింది. దొనకొండ దాటేదాకా పట్టిక చూసుకుంది. తరువాత సంచిలో పెట్టి కిటికీ బయటికి చూసింది. కంది విత్తనానికి దున్నిన ఎర్ర నేలలు. వాన ఇంకా పడలేదు.

హాలులో ఇరవై మంది కూడా లేరు. ప్రకాశరావు మొదటి వరుసలో చేతులు కట్టుకుని కూచున్నాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు నెరిసిన జుట్టు ఆవిడ, పాత సారాంశం ముందు పెట్టుకుని పెన్సిలుతో గీతలు గీస్తోంది. అనురాధ చెప్పాల్సింది చెప్పింది. తన మొదటి పరీక్ష ఎట్లా జరిగిందో, కంచె ఎక్కడ పడిందో, రెండో పరీక్ష ఏం చెప్పిందో వరసగా చెప్పింది. దుకాణం సంగతి కూడా దాచలేదు. నూట పదహారు దగ్గర ఎవరో నవ్వారు.

పరీక్షకురాలు పెన్సిలు కింద పెట్టింది.

"సారాంశంలో మడత పద్ధతి మేలని రాశారు. ఇప్పుడు కాదంటున్నారు. నేను దేని మీద సంతకం పెట్టాలి?"

"ఇప్పుడు చెప్పిన దాని మీదండి. సారాంశం తప్పు."

"మీ వ్యాసం గురించి మీరే తప్పంటున్నారు. నేను ఆ ఒక్క మాట పట్టుకుని వెనక్కి పంపవచ్చు. తెలుసా?"

"తెలుసండి."

"మరి ఏ పద్ధతీ మేలు కాదని చెప్పడానికి వ్యాసం ఎందుకు?"

ప్రకాశరావు కదిలాడు, కానీ లేవలేదు.

"ఏదీ మేలు కాదని నేను అనడం లేదండి," అంది అనురాధ. "ఏది ఎక్కడ నమ్మకూడదో చెబుతున్నాను. ఇప్పటిదాకా ఒక్క చోటి కొలతలతో సగం రోజు కాలమని ప్రకటించిన నక్షత్రం ఏదైనా సరే, ఈ పట్టిక పక్కన పెట్టుకుని మళ్ళీ చూడాల్సిందే. నా వాటిని నేను మళ్ళీ చూశాను."

"మీవి ఎన్ని పోయాయి?"

"నేను గెలిచాననుకున్నది మొత్తం పోయిందండి."

ఆవిడ పట్టికను దగ్గరికి లాక్కుంది. చాలాసేపు చూసింది. నలుపు గడుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగింది. ఇక్కడ ఎందుకు, ఇక్కడ ఎందుకు కాదు. అనురాధ చెప్పింది. రెండు చోట్ల తెలియదని చెప్పింది. ఒకచోట ఆవిడ చెప్పిందే సరైనదని ఒప్పుకుని అక్కడికక్కడే దిద్దుకుంది. ఆ ప్రశ్నలు అయ్యేసరికి మిగతావాళ్ళు టీకి పోయారు.

"కొత్త సారాంశం సాయంత్రంలోగా రాసివ్వగలరా?"

"రాస్తానండి."

"ఈ పట్టిక మొదటి పేజీలో ఉండాలి. చివరి అధ్యాయంలో కాదు. జనం చివరి అధ్యాయాలు చదవరు. అట్లా అయితే నేను ఒప్పుకుంటాను."

ప్రకాశరావు అప్పుడు లేచాడు. తన గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ గదిలో కూచుని రాసింది. మొదటి వాక్యం నాలుగుసార్లు కొట్టేసింది. ఐదోసారి, ఈ వ్యాసం ఏ పద్ధతి ఎక్కడ మోసపోతుందో చెబుతుంది అని రాసి, అక్కడి నుంచి ఆగకుండా పోయింది. పట్టికను ముందుకు తెచ్చింది. పేజీల అంకెలు మార్చింది. ప్రింటు తీయించి కుట్టించే చోట కరెంటు లేదు. రోడ్డు దాటి ఇంకో చోటికి పోయింది. ఆఫీసులో గుమాస్తా గొళ్ళెం మీద చెయ్యి పెట్టి ఉండగా చేరింది.

"రేపు రామ్మా," అన్నాడు.

"రేపు తీసుకోరు కదండీ."

అతను ఆమె మొహం చూశాడు. గొళ్ళెం వదిలాడు. మూడు ప్రతులు తీసుకుని, ఒక్కొక్క దాని మీదా ముద్ర వేసి, రసీదు చింపి ఇచ్చాడు.

బయటికి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. సంచి తేలికగా ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. క్యాంటీనులో అన్నం అయిపోయింది. ఇడ్లీ ఉందన్నారు. ఒక ప్లేటు తిన్నది. ఇంకో ప్లేటు తెమ్మంది. అది కూడా నెమ్మదిగా, పూర్తిగా తిన్నది.